ఒకటితో మొదలయ్యే టేపు

నేను ఒక టేపుని. దర్జీ మెడలో వేలాడే అరవై అంగుళాల పసుపుపచ్చ టేపుని. నిజం చెప్పాలంటే యాభై తొమ్మిదే. ఆ ఒక్క అంగుళం ఎటు పోయిందో తర్వాత చెబుతాను. ముందు మీ సంగతి తేల్చనివ్వండి. మీరంటే నాకు పడదు. నేను నడుం దగ్గరికి వచ్చీ రాగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగేస్తారు. మీరు దేవుణ్ణి కొలిచేటప్పుడు లేని నిష్ఠ, నేను మిమ్మల్ని కొలిచేటప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుందో! తీరా జాకెట్టు బిగుతైతే "దర్జీ తగలేశాడు" అంటారు. ఇంచుమించు పాతికేళ్లు మిమ్మల్ని చుట్టాను. చుట్టరికం మాత్రం కలుపుకోలేదు.

నన్ను కన్నది ఒక యంత్రం. మైనపుగుడ్డ మీద నల్లగీతలు అచ్చువేసి, రెండు కొసలకీ రేకు ముక్కలు నొక్కి, చుట్టచుట్టి అట్టపెట్టెలోకి తోసింది. నేనెరిగిన తల్లిప్రేమ అంతే. అక్కణ్ణుంచి కాకినాడలో సూర్రావు మాస్టారి మెడకెక్కాను. ఆయన లేడీస్ టైలరు. పొద్దస్తమానం నా తల పట్టుకుని లాగి లాగి, ముందు రేకు ఊడగొట్టాడు, తర్వాత గుడ్డ పీచులు లేపాడు. ఒకరోజు కత్తెర తీసుకుని నా మొదటి అంగుళాన్ని కచక్కున కోసి పారేసి, చేతులు దులుపుకుని టీ తాగాడు. కొత్త టేపు కొనుక్కోవచ్చు కదా? కొనడు. "చేతికి అలవాటైన టేపు" అంటాడు. చేతివాటం అంటాను నేను.

అప్పణ్ణుంచి నేను ఒకటితో మొదలవుతాను. నా మీద ముప్పై మూడు పలికితే మీరు ముప్పై రెండన్నమాట. మాస్టారు ఆ ఒకటి మనసులోనే తీసేసేవాడు. మా వీధి దర్జీల్లో సగంమంది మెళ్లో ఇలాంటి మొండాలే. అందుకే పరాయి టేపు చేతికొస్తే వాళ్లు ముందు దాని తల తడిమి చూసుకుంటారు.

ఆ దుకాణానికి ఒకనాడు కుందన అనే పిల్ల వచ్చింది. బీకాం పాసైంది, చంకలో బొమ్మల పుస్తకం.

"ఫ్యాషన్ డిజైనర్ అవుతాను మాస్టారూ."

"అంటే ఏం చేస్తారమ్మాయ్?"

"బట్టల్ని ఊహిస్తారండి."

"మరి కుట్టేదెవరు?"

"అదీ నేనేనండి."

"అలాగైతే ఊహలు ఆ మేకుకి తగిలించి, కాజాలు కుట్టు."

కాకినాడలో కాజా అంటే ఊరంతటికీ నోరూరుతుంది. ఆ పిల్లకి మాత్రం ఏడాదిపాటు వేలికి నెత్తురూరింది. అయినా పోలేదు. నాకది నచ్చలేదు. పోయేవాళ్లను అసహ్యించుకోవడం సులువు. ఉండిపోయేవాళ్లతోనే చిక్కు.

మాస్టారి కళ్లకు శుక్లాలొచ్చి దుకాణం మూసేసిన రోజున నన్ను తీసి ఆమె మెళ్లో వేశాడు. "దీనికి తల లేదు, నీకుంది. ఎవరి టేపైనా ముందు దాని తల చూడు, ఆ తర్వాతే మనిషి మొహం చూడు" అన్నాడు. నా గురించి ఆయన అన్న మంచిమాట అదొక్కటే. అదీ తిట్టే.

కుందన నాతోపాటు రాగలతా మేడమ్ బొటీక్‌లో చేరింది. మేడమ్ పేరున్న డిజైనర్. ఆమెకు గీయడం వచ్చిన గీత ఒక్కటే, సంతకం. దారం పట్టుకోవడం రాదు గానీ ఆధారం పట్టుకోవడంలో దిట్ట. ఆ ఆధారం కుందన. మూడేళ్లపాటు కుందన ఊహించింది, కత్తిరించింది, కుట్టింది. మెడ వెనక లేబుల్ మాత్రం "రాగలత". గుడ్డ ఒకరిది, కుట్టు ఒకరిది, గుర్తు ఇంకొకరిది. కుట్టుకీ కుట్రకీ ఎంత దగ్గరో ఆ గదిలోనే చూశాను. కుందన కోరిందల్లా తన పేరున్న అంగుళం గుడ్డ. ఒక్కగానొక్క జాకెట్టు మెడ వెనక.

ఆమె ఒక జాకెట్టు చేసింది. వీపు మీద మడతలు విసనకర్రలా విచ్చుకుంటాయి, చెయ్యెత్తితే తెరుచుకుంటాయి, దించితే మూసుకుంటాయి. ఏడుసార్లు విప్పి ఎనిమిదోసారి కుదిరించింది. లహరిక అనే పెళ్లికూతురు దాన్ని నిశ్చితార్థానికి తొడుక్కుంటే ఊరంతా ఆమె మొహం మానేసి వీపు చూసింది. పెళ్లికీ అలాంటిదే కావాలన్నారు. టీవీవాళ్లు కెమెరాతో వస్తామన్నారు. మేడమ్ కుందన భుజం తట్టి, "ఈ పెళ్లి జాకెట్టుకి నీ లేబులే వేద్దాం" అంది.

షూటింగ్ రోజు పొద్దున కుందన అడిగింది.

"మేడమ్, నా లేబుల్ గుడ్డ తెచ్చుకున్నానండి."

"ఏ లేబుల్? ఓ, అదా! టీవీలో రెండు పేర్లుంటే జనం కంగారుపడతారు కుందనా. వచ్చే సీజన్ చూద్దాంలే."

"మీరే అన్నారు కదండీ..."

"అన్నాను. అనడానికేముంది? ఆ టేపు ఇలా ఇవ్వు. పాతగా ఉంది, కెమెరాలో బావుంటుంది."

నన్ను ఆ పిల్ల మెళ్లోంచి లాక్కుంది. కెమెరా వెలగ్గానే నన్ను గుండెలకు హత్తుకుని, "ఇది మా తాతగారి టేపండి. జమీందార్లకు కుట్టిన చెయ్యి ఆయనది" అంది. పాతికేళ్ల నా బతుకులో జమీందారు నడుం ఒక్కటీ చుట్టలేదు. ఆవిడకు ఎంత సిగ్గుందో కొలుద్దామంటే నాలో సున్నా కూడా లేకపాయె.

మూడేళ్లలో మేడమ్ టేపు పట్టడం అదే మొదలు. లహరికను చుట్టి, నా తల తడమకుండా, నా తోక చదివింది. "నడుం ముప్పై మూడు. భుజం పదిహేను." కటింగ్ మాస్టర్ బాషా రాసుకున్నాడు. కుందన నోరు తెరిచింది. మేడమ్ తప్పుల్ని మూడేళ్లుగా దిద్దిన నోరది. తెరిచి, మూసింది.

కెమెరావాళ్లు వెళ్లాక బాషా గొంతు తగ్గించి అడిగాడు. "పాపా, నిశ్చితార్థానికి ముప్పై రెండే కదా కోశాను? ఇంచీ పెరిగిందేంటి?"

"మేడమ్ కొలిచారు బాషా భాయ్. మేడమ్ కొలతే కొలత."

బాషా ఆమె మొహం చూశాడు, నా వైపు చూశాడు, కత్తెర తీసుకున్నాడు. అతని టేపుకి తలుంది. అదే అసలు ప్రమాదం. నాతో కొలిచి నాతోనే కోసుంటే నా తప్పు నేనే దిగమింగేదాన్ని.

ట్రయల్‌కి మళ్లీ కెమెరా వచ్చింది. లహరిక జాకెట్టు తొడుక్కుని చెయ్యెత్తింది. విసనకర్ర తెరుచుకోలేదు, భుజం జారింది. వెంట వచ్చిన మేనత్త పేరిందేవమ్మ నోరు మైకక్కర్లేని నోరు.

"ఏటమ్మా ఇదీ! పెళ్లిపిల్లకి పిండిబస్తా తొడిగావా?"

"అమ్మాయి చిక్కిందండీ ఆంటీ, పెళ్లి టెన్షన్..."

"నాలుగు రోజుల్లో అన్ని వైపులా లెక్కేసి ఒక్కో అంగుళం చిక్కిందా? ఏదీ, మీ తాతగారి టేపు ఇలా తే."

పేరిందేవమ్మ ఇంట్లో మిషను కుట్టి ముగ్గురు పిల్లల్ని చదివించిన మనిషి. నన్ను అందుకుంటూనే ముందు తల తడిమింది. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ! దీనికి తలే లేదు. మీ తాతగారు నీకిది చెప్పలేదా?"

మేడమ్ మొహం చాక్‌పీసయింది. కెమెరా ఆపమని చేతులు ఊపింది. పేరిందేవమ్మ కుందన వైపు తిరిగి, "మొన్నటిది కుట్టింది నువ్వే కదూ పిల్లా? ఇది సరిచేస్తావా?" అంది.

"చేస్తానండి. మెడ వెనక నా పేరు కుడతాను."

"నా షాపులో అది కుదరదు" అంది మేడమ్.

"అయితే మీ షాపులో చెయ్యనండి."

"పోతే పో. టేపు ఇక్కడ పెట్టి పో. అది టీవీలో మా తాతగారిది."

కుందన నన్ను ఒక్కసారి చూసింది. "ఉంచుకోండి మేడమ్. తల లేనిది మీకే నప్పుతుంది" అని పేరిందేవమ్మ వెనకే మెట్లు దిగిపోయింది. నన్ను వదిలేసి! నేను చెప్పలేదూ, మనుషులంటే నాకు పడదని?

మీకు న్యాయం మీద నమ్మకముంటే ఇక్కడ మేడమ్ దుకాణం మూతపడాలి. పడలేదు. ట్రయల్ ముక్కని టీవీలో వెయ్యలేదు, తాతగారి ముక్క వేశారు. జనం ఎగబడ్డారు. నన్ను అద్దం పెట్టెలో బిగించి, కింద ఇత్తడి రేకు మీద "మూడు తరాల వారసత్వం" అని చెక్కించి గోడకి కొట్టారు. వచ్చినవాళ్లంతా నాతో ఫోటో దిగుతారు. ఒకటితో మొదలయ్యాననే సంగతి ఎవరికీ కనపడదు. గుడ్డలు కొనేవాళ్లలో ఇంతమంది గుడ్డివాళ్లుంటారని నేననుకోలేదు.

మొన్న ఒకావిడ వచ్చి, నాకు వీపు పెట్టి నిలబడింది. మేడమ్ స్వయంగా కొలత తీస్తోంది. ఇప్పుడు కొత్త టేపు తల తడిమి మరీ తీస్తోంది. ఆవిడ జుట్టు పైకెత్తింది. వీపు మీద విసనకర్ర విచ్చుకుంది. మెడ వెనక లేబుల్ బయటికి మడతపడి ఉంది. టేపు మొదలులా అచ్చువేయించిన పసుపుపచ్చ గుడ్డ, నల్లగీతలు. ఒక కొసన సున్నా, ఇంకో కొసన ఒకటి, మధ్యలో "కుందన".

సరిగ్గా ఒక్క అంగుళం. నా తల.

మేడమ్ కూడా చదివింది. వేలితో దాన్ని లోపలికి నెట్టింది. అది మళ్లీ బయటికొచ్చింది.