సముద్రంలోకి దించిన గిన్నె

బతికున్న చెల్లెలు చనిపోయిందని అమ్మని నమ్మించడానికి నాకు పదకొండు రోజులే గడువుంది.

అమ్మ గుండెలో కవాటం పాడైంది. వెంటనే ఆపరేషన్ చేయకపోతే చలికాలం దాటదని యోసు పట్నంలో డాక్టరు తేల్చి చెప్పాడు. అమ్మ మాత్రం పడవెక్కనంది.

"సోల్‌మీని నీళ్ళలో వదిలేసి నేనెక్కడికొస్తానురా? ముందు దాని ప్రాణాన్ని ఒడ్డుకి తీసుకురా. తర్వాత నా గుండె కోసుకుంటారో కూర వండుకుంటారో మీ ఇష్టం."

సోల్‌మీ ఏడేళ్ళ కిందట సముద్రంలోకి వెళ్ళింది. అలలు మా వీధుల్లోకి వచ్చేసిన రోజులవి. నీళ్ళలో బతికేలా ఒళ్ళు మార్చుకునేవాళ్ళు కావాలని ప్రకటన వస్తే, మా దీవి నుంచి పేరిచ్చింది అదొక్కతే. మొదట మెడకి రెండు పక్కలా మొప్పలు వచ్చాయి. తర్వాత జుట్టు రాలింది, గొంతు పోయింది, ఊపిరితిత్తులు ముడుచుకుపోయాయి. రెండో ఏడు ఒకసారి రేవు మెట్ల దగ్గరికి వచ్చింది. అమ్మ వంగి, ఆ బూడిదరంగు చర్మాన్నీ రెప్పలు లేని కళ్ళనీ చాలాసేపు చూసింది.

"ఇది నా కూతురు కాదు. నా కూతుర్ని మింగి, దాని చూపు దొంగిలించింది," అని వెనక్కి తిరిగింది.

అప్పటినుంచి అమ్మ దృష్టిలో సోల్‌మీ మునిగి చనిపోయింది. మునిగినవాళ్ళ కోసం మా దీవిలో ఒక తంతు ఉంది. ఇత్తడి గిన్నెలో బియ్యం పోసి, గుడ్డతో మూతి కట్టి, పొడవాటి తెల్లగుడ్డకి ముడేసి సముద్రంలోకి దించుతారు. ముదాంగ్, అంటే పూనకం వచ్చే అవ్వ, డప్పు కొట్టి పోయినవాళ్ళని పిలుస్తుంది. పైకి లాగాక బియ్యంలో వెంట్రుక కనబడితే ప్రాణం చిక్కినట్టే. ఆ వెంట్రుకని పూడ్చి, తనివితీరా ఏడ్చి, ఇంటికెళ్ళి అన్నం తింటారు. ఏ రోజు పోయారో తెలియనివాళ్ళకి చాంద్రమానం లెక్కన తొమ్మిదో నెల తొమ్మిదో రోజున చేస్తారు. అమ్మ మూడేళ్ళు చేయించింది. మూడుసార్లూ ఉత్త బియ్యమే పైకి వచ్చింది.

ఆ రోజుకి ఇంకా పదకొండు రోజులుంది. ఈసారి వెంట్రుక రావాలి.

దీపస్తంభం వెనక రాళ్ళ దగ్గరికి సోల్‌మీ నెలకోసారి వస్తుంది. అమ్మకి తెలియదు. నేను మాట్లాడతాను, అది పలక మీద రాస్తుంది. జుట్టు రాలకముందే కత్తిరించి నాకిచ్చిన జడని, నా పనిముట్ల పెట్టెలోంచి తీసి దాని చేతిలో పెట్టాను.

"గిన్నె దిగగానే ముడి విప్పి, దీన్ని లోపల పెట్టి, మళ్ళీ కట్టేయ్. అంతే."

'నన్ను పాతిపెడతావా అన్నయ్యా?'

"జడనే. అమ్మ బతకాలి కదే."

అది జడని మణికట్టుకి చుట్టుకుంది. తర్వాత రాసింది. 'నాకు పాప పుట్టింది. దానికి గాలంటే ఏంటో తెలీదు. అమ్మకి చెప్పవా?'

"కూతురే కాదన్న మనిషి మనవరాల్ని ఒప్పుకుంటుందా?"

పలక తుడిచింది. 'బియ్యం మనింటివేనా?'

"అమ్మే డబ్బాలోంచి తీస్తుంది. పచ్చిబియ్యం దొంగవి, ముట్టుకున్నావో చంపేస్తా."

దాని భుజాలు కదిలాయి. ఇప్పుడు దాని నవ్వు అదే. చిన్నప్పుడు డబ్బాలో చెయ్యి పెట్టి ఎన్నిసార్లు గరిటె దెబ్బలు తిందో! చివరికి 'సరే' అని రాసి, జడతో నీళ్ళలోకి జారిపోయింది.

తొమ్మిదో నెల తొమ్మిదో రోజు ఉదయం రేవులో డప్పు మోగింది.

"ఏమే మల్‌సున్, ఈసారైనా కూతుర్ని రానిస్తావా, మళ్ళీ తిట్టి తరిమేస్తావా?" అంది ముదాంగ్ బోక్‌నే అవ్వ.

"నువ్వు డప్పు సరిగ్గా కొట్టు ముసలిదానా. పోయినేడు నీ వాయింపుకి చేపలు నిద్రపోయాయి," అంది అమ్మ.

గిన్నె దిగింది. తెల్లగుడ్డ కొస నా చేతిలో ఉంది. కాసేపటికి సన్నగా గుంజింది. చేప కొరికినట్టు లేదు, వేళ్ళు ముడి విప్పుతున్నట్టుంది. ఆ గుంజుడు ఆగాక పైకి లాగాను. అమ్మ ముడిని తడిమి చూసి, మూతి విప్పింది.

వెంట్రుక లేదు. బియ్యమూ లేవు. గిన్నె తుడిచినట్టుంది.

బోక్‌నే అవ్వ డప్పు ఆపింది. "ముడి వదులై నీళ్ళపాలయ్యాయిలే. మళ్ళీ దించుదాం."

"వద్దు," అంది అమ్మ. "నేను విప్పిన ముడి నాది కాదు. దాని ఉచ్చు చెవి ఎడమవైపుకుంది. ఎన్నిసార్లు నేర్పినా సోల్‌మీ ఇలాగే ఎడంచేత్తో తిప్పి కట్టేది." అలాగే మెట్టు మీద కూలబడింది. "పోయినవాళ్ళు వెంట్రుక ఇస్తారు. బియ్యం తినరు. తినేసిందిరా, దొంగమొహంది..."

గిన్నెని కడుపుకి అదుముకుని ఏడ్చింది. "అయిదేళ్ళు... బతికున్నదాన్ని పట్టుకుని కూతురు కాదన్నాను."

"అమ్మా, ఇక పడవెక్కుదాం."

"ఎలా వస్తానురా? దానికి ఆకలేస్తోంది."

మర్నాటినుంచి రోజూ ఉదయం తనే గిన్నె దించేది. పాప సంగతి చెప్పాక ఇంకో గుప్పెడు ఎక్కువ పోసేది. రాళ్ళ దగ్గరికి రమ్మంటే మాత్రం "ఏ మొహం పెట్టుకుని చూడను?" అనేది. డాక్టరు ఫోన్ చేస్తే తీసేది కాదు.

నేను సోల్‌మీని బతిమాలాను. "తినడం మానెయ్. గిన్నె ఖాళీ కాకపోతే ఆసుపత్రికి వస్తుంది."

'తినకపోతే నేను మళ్ళీ చచ్చిపోయాననుకుంటుంది.'



ఇళ్ళలో చలికాలపు కిమ్చీ పచ్చడి కోసం క్యాబేజీలు ఉప్పులో వేస్తున్న వారం. ఆ తంతు జరిగిన నలభై ఒకటో రోజు ఉదయం అమ్మ రేవు మెట్ల మీదే ఒరిగిపోయింది. గిన్నె ఒళ్ళోనే ఉంది. అప్పుడే పైకి లాగినట్టుంది, ఖాళీగా, తడిగా.

అంత్యక్రియలయ్యాక పలక తీసుకుని దీపస్తంభం దాకా వెళ్ళాను. అమ్మ పోయిందని రాయలేక వెనక్కి వచ్చాను. డబ్బాలోంచి బియ్యం తీశాను. మీద అమ్మ తెల్లజుట్టు పాయ ఒకటి పెట్టి, మూతి కట్టి, గిన్నె దించాను.

సన్నగా గుంజింది. ఆగింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

పైకి లాగి చూశాను. ముడి చెవి ఎడమవైపుంది. తెల్లజుట్టు లేదు. దాని చోట సోల్‌మీ నల్లని జడ ఉంది, చుట్టగా చుట్టి.

బియ్యం ఒక్క గింజ కూడా తగ్గలేదు.