మానేరు మీద కెప్టెన్ విందు

మా అక్క కొడుకు సల్మాన్ పదకొండేళ్లు పెద్ద పెద్ద ఓడల్లో ప్రయాణికులకు అన్నం వడ్డించి వచ్చాడు. ఇంటికొచ్చి వారం తిరక్కముందే, అన్నం ఎలా తినాలో మాకే నేర్పడం మొదలుపెట్టాడు. ఇంకోసారైతే గంటె తిరగేసి ఒక్కటిచ్చేదాన్ని. కానీ ఆ నెలలో ఎవడు ఏ ఉపాయం చెప్పినా వినే స్థితిలో ఉన్నాను.

మా ఆయన బాబు మియా కరీంనగర్‌లో మానేరు డ్యామ్ మీద ఇరవై రెండేళ్లుగా బోటు నడుపుతున్నాడు. సాయంత్రం కట్ట మీద నడకకు వచ్చేవాళ్లే మాకు ఆధారం. వాళ్లకు పెద్ద హనుమండ్లు సార్, తహసీల్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ఎటు పోతే మిగతావాళ్లు అటు పోతారు. బోటెక్కిన ప్రతిసారీ ఏదో ఒక వంక పెట్టేవారు. చాయ్ చల్లగుందనేవారు, బోటు ఒకపక్కకు ఒరిగిందనేవారు. మర్నాడు మళ్లీ అందరికంటే ముందొచ్చి కూర్చునేవారు. అలాంటి మనిషి, అవతలి గట్టున దిగిన కొత్త అద్దాల బోటు దగ్గర నిలబడి మాట్లాడుతుంటే నా కళ్లతో చూశాను. ఆయన పోతే మా బోటు ఒడ్డునే మూలపడుతుంది. మూడు రోజులు నాకు తిండి సయించలేదు.

"ఖాలా, ఫికర్ చెయ్యకు," అన్నాడు సల్మాన్. "మా ఓడల ఎక్కువసార్లు తిరిగినోళ్లకు మెడల్ పెడ్తరు. తెల్ల డ్రెస్సేసుకొని కెప్టెనే వచ్చి వాళ్ల పక్కన కూసుండి తింటడు. గా ఒక్క విందు కోసమే మళ్ల మళ్ల టికెట్ కొంటరు."

ఎక్కువసార్లు ఎక్కిందెవరో వెతకాల్సిన పని లేదు. "ఇది నాలుగు వందల పదమూడోసారి, ఇంక గీ చినిగిన సీటు కుట్టియ్యలే," అని హనుమండ్లు సార్ మొన్ననే అన్నారు.

మా ఆయనకు తెల్ల కోటు కుట్టించాం. నా పాత చీర జరీ కత్తిరించి భుజాల మీద నాలుగు పట్టీలు నేనే వేశాను. అద్దంలో చూసుకుని మురిసిపోయాడు. కూర్చుని తినాలనేసరికి మాత్రం మొహం మాడ్చుకున్నాడు.

"వచ్చినోళ్లకు పెట్టకుంట నేనే కూసుండి బుక్క పెట్టుకుంటనా? సిగ్గు లేనోడంటరు రా!"

"ఖాలూ, కెప్టెన్ వడ్డిస్తే గౌరవం పోతది. వడ్డించుడు నా పని. ఒక్కసారి అడుగుత, వద్దంటే ప్లేటు తీస్కపోత. బలవంతం చేసుడు మ్యానర్స్ కాదు," అని సల్మాన్ బాబాయికి నచ్చజెప్పాడు.

శనివారం హనుమండ్లు సార్ మాంసం ముట్టరు కాబట్టి ఆదివారం పెట్టుకున్నాం. ఆయనతో పాటు, బోథ్ అనే ఊరి నుంచి వచ్చి ఇక్కడ పత్తి వ్యాపారం చేసే అంబదాస్, ఇంకో నలుగురు వచ్చారు. పొద్దు గుంకే వేళ మా ఆయన బోటును నీళ్ల మధ్యకు తీసుకెళ్లి, ఇంజను ఆపి, పై అంతస్తులో బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆయన కుదురుగా ఉండడని నాకు తెలుసు. ఫొటో దిగుతున్న సందడిలో వెనక నుంచి వెళ్లి, ఆయన నడుము బెల్టును ప్లాస్టిక్ కుర్చీకి తాడుతో ముడివేశాను. తప్పే, కానీ భలే సరదాగా అనిపించింది. కింద వంట గిన్నెల దగ్గరికి దిగి, మెట్ల సందులోంచి పైకి చూస్తూ నిలబడ్డాను.

సల్మాన్ మెడల్ తగిలించాడు. హనుమండ్లు సార్ ఛాతీ రెండంగుళాలు పొంగింది. నవ్వు కనిపించకూడదని దగ్గారు కూడా. అమ్మయ్య, పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు భోజనం వచ్చింది. చాటంత ప్లేటు మధ్యలో, కప్పుతో బోర్లించిన గుప్పెడు బగారా అన్నం. పక్కన రెండు మటన్ ముక్కలు. వాటి మీద ఒక కొత్తిమీర రెబ్బ. నాలుగు బుక్కల్లో అది అయిపోయింది.

"సార్, ఇంకొంచెం పెట్టన్నా?" అని సల్మాన్ వంగి అడిగాడు.

"చాలు చాలు," అని హనుమండ్లు సార్ ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టారు.

మా వైపు మొదటి 'చాలు' లెక్కలోకి రాదు. రెండోది మర్యాదకు అంటారు. మూడోసారికి పెట్టేవాడు గెలవాలి, తినేవాడు ఓడిపోవాలి. పదకొండేళ్లలో ఈ సల్మాన్ గాడు అంతా మర్చిపోయాడు. "థాంక్యూ సార్," అని ఆ చేతి కింది నుంచే ప్లేటు లాక్కెళ్లిపోయాడు. సార్ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది.

పెద్దాయన చాలన్నాక అంబదాస్ ఇంకా కావాలని ఎలా అంటాడు? పాపం, ఆకలి మొహంతోనే తనకూ చాలన్నాడు. అతని ప్లేటూ పోయింది. ఐదు నిమిషాల్లో వచ్చినవాళ్ల ఆరు ప్లేట్లూ మాయం. కింద నేను పొద్దున్నుంచీ వండిన అన్నం, గంజు అనే మా పెద్ద గిన్నె నిండుగా ఉంది. దాని వాసన మెట్లెక్కి పైకి వస్తోంది. మా ఆయన కుర్చీలో ముళ్ల మీద కూర్చున్నట్టు కదులుతున్నాడు.

హనుమండ్లు సార్ మెడల్ తీసి బల్ల మీద పెట్టారు. జేబులోంచి ఒక కార్డు తీసి దాని పక్కన పెట్టారు.

"మియా, కొత్త బోటోళ్లు ఏడాది పాసు ఇంటికి తెచ్చిచ్చిండ్రు. తీస్కోవాల్నా వద్దా అని వారం సంది పరేషాన్ల ఉన్న. ఇయ్యాల తేలిపోయింది. ఇంక బోటు ఒడ్డుకు పెట్టు."

ఆ సల్మాన్‌ను మానేరులో తోసేద్దామన్నంత కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది.

మా ఆయన లేచాడు. కుర్చీ కూడా లేచింది. ఇంజను వైపు పోతాడనుకుంటే, వెనక కుర్చీ వేలాడుతుండగానే టకటకా మెట్లు దిగి నా దగ్గరకొచ్చాడు.

"ఆగుండ్రి, ముడి ఇప్పుత!" అన్నాను.

"ముడి తర్వాత. ముందు గంటె ఇయ్యి!"

గంజు ఎత్తుకుని పైకి పోయాడు. కుర్చీ ప్రతి మెట్టుకూ ఠంగుమని తగులుతోంది. వెనకాలే నేను కొత్త ప్లేట్లు, మటన్ గిన్నె తీసుకుని పరుగెత్తాను. సల్మాన్ "ఖాలూ, ఖాలూ" అంటూ అడ్డమొస్తే మోచేత్తో పక్కకు నెట్టాను.

"వద్దు మియా, చాలు," అని హనుమండ్లు సార్ రెండు చేతులూ అడ్డం పెట్టారు. గొంతులో ఇంకా కోపం ఉంది.

"చేతులు తియ్యిండ్రి సార్. తియ్యకుంటే చేతుల మీదనే పెడ్త. మా ఇంట్లామె పొద్దటి సంది పొయ్యి కాడ్నే ఉన్నది!"

నిజంగానే గంటె వంచాడు. సార్ గబుక్కున చేతులు తీశారు. అన్నం ప్లేటులో పడింది, దాని మీద మటన్ పడింది. అంబదాస్ ఒకసారి చాలన్నాడు, మా ఆయన ఉరిమి చూస్తే ఇంకో ముక్క వేయించుకున్నాడు. మూడోసారి వడ్డించాక హనుమండ్లు సార్ తల ఎత్తకుండానే అన్నారు.

"మా ఇంట్లామె పోయినంక నన్ను గిట్ల గదమాయించి పెట్టినోళ్లు లేరు మియా. చాలంటే చాలనే అనుకుంటుండ్రు అందరు."

మా ఆయన ఇంకో గంటె వేశాడు. సార్ ఈసారి వద్దనలేదు.

తిన్నాక చెయ్యి కడుక్కుని, బల్ల మీది పాసు తీసి సల్మాన్ చేతిలో పెట్టారు.

"బిడ్డా, గిది నువ్వు తీస్కో. రేపటి సంది నువ్వు ఆ కొత్త బోటుకు పో. నీ ఓడ మర్యాదలన్ని ఆళ్లకు మంచిగ నేర్పు. నెల దినాలల్ల ఆడ ఒక్కడు బోటెక్కడు."

సల్మాన్ ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. "కెప్టెన్ విందు సుత నేర్పన్నా సార్?" అన్నాడు బుద్ధిగా.

"ముందు గదే నేర్పు రా!" అన్నారు హనుమండ్లు సార్, నేను తెచ్చిపెట్టిన తీపి, డబుల్ కా మీఠా గిన్నె తన వైపు లాక్కుంటూ.