పసుపు చీర మీద తెల్లదోమ

ఇప్పుడు నవ్వొస్తోంది గానీ, ఆ పొద్దున నాకు ఏడుపొక్కటే తక్కువ. మందారం కొమ్మను కదిపితే విభూతి చల్లినట్టు తెల్లటి పురుగులు గుప్పున లేచాయి. ఆకు తిప్పితే అడుగంతా అవే. ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు ఇల్లు మారినప్పుడు బీరువాకు గీత పడినా ఊరుకున్నాను గానీ, ఈ కుండీలను మాత్రం ఒళ్ళో పెట్టుకున్నంత పనిచేసి తెచ్చుకున్నాను.

మా ఆయన నరసింహ కండక్టరు. ఆయనకు ఫోన్ చేస్తే బస్సు మోతలో ఏమీ వినబడదు. అందుకే మిద్దె మీద నిలబడి ఫోన్లోనే గొంతు చించుకున్నాను.

"చెట్లకి దోమ పట్టిందయ్యా! దోమ! కుండీల నిండా దోమే!"

ఆయనకు వినబడిందో లేదో గానీ, కింద ఉండే ఇంటి ఓనరమ్మ రామసుబ్బమ్మకు మాత్రం చక్కగా వినబడింది.

మామూలు రోజయితే నవ్వుకునేవాళ్ళం. కానీ ఆమె మనవరాలు చైత్రకు మొన్నటి నుంచి జ్వరం. డెంగీ ఏమోనని ఆ పొద్దునే కోడలు రజిత పిల్లను రక్తపరీక్షకు తీసుకెళ్ళింది.

"ఏంది మే సుకన్యా, కుండీల్లో దోమల్ని పెంచతా ఉండావా? నా మనవరాలు పొద్దుగూకులూ నీ చెట్లకాడే గదా ఉండేది!" కింద నుంచే కేకేసింది.

"అది తెల్లదోమ పెద్దమ్మా. ఆకుల రసం తాగేది. మనుషుల్ని కుట్టదు."

"దోమ కుట్టకుండా ముద్దు పెట్టుకుంటాదా? సాయంత్రానికి ఆ కుండీలు బయటుండాల. పిల్ల ఇంక మిద్దెక్కదు."

చైత్ర రోజూ నాతో కలిసి నీళ్ళు పోసేది, మోచేతుల దాకా ఆకుల్లోకి దూర్చి మొగ్గలు వెతికేది. మా పుట్టిల్లు దుత్తలూరు వైపు చేలల్లో తెల్లదోమను ఎరగనివాళ్ళు లేరు. అది కుట్టిందని ఎవరూ చెప్పగా వినలేదు. అయినా భయం పట్టుకుంటే తెలిసిందీ తెలియనట్టే ఉంటుంది. పిల్లకు జ్వరం నా చెట్ల వల్లే వచ్చిందా? కుండీలు పోతే పోనీ, బిడ్డ బాగుంటే చాలనుకుని పెద్ద మందారం కుండీని మెట్ల వైపు ఈడ్చాను.

అప్పుడే రామసుబ్బమ్మ ఆయాసపడుతూ పైకి వచ్చింది. నిమ్మపండు రంగు చీర కట్టుకుని ఉంది. నేను ఈడ్చిన అదురుకు లేచిన దోమంతా చెట్టును వదిలేసి ఆమె మీద వాలింది. కుచ్చిళ్ళ నుంచి భుజం దాకా తెల్లగా.

"ఓరి నాయనో! కుట్టి చంపతాయి మే!"

నేను కొంగు పట్టుకుని దులుపుతుంటే ఆమె గంతులేస్తోంది. కాసేపటికి ఆగింది. చేతులు తిప్పి చూసుకుంది. మెడ తడుముకుంది.

"యాడా దురద లేదే! మరి నా మీదికే ఎందుకొచ్చినాయి?"

"పసుపు రంగంటే వాటికి పిచ్చి పెద్దమ్మా. మా నాయన చేలో పసుపు అట్టలకి జిగురు పూసి కట్టేవాడు. అన్నీ వాటికే అతుక్కునేవి."

"కుట్టనిదానికి దోమని పేరు పెట్టిందెవురు మే? వాణ్ణి తన్నాల."

నవ్వబోయి ఆగాను. రజిత దగ్గర్నుంచి ఇంకా ఫోన్ రాలేదు. ఇద్దరం కుండీ పక్కనే కూలబడ్డాం. ఫోన్ మోగగానే రామసుబ్బమ్మ ఎత్తకుండానే దాన్ని నాకిచ్చేసింది.

"డెంగీ కాదంట అక్కా. గొంతు వాచి వచ్చిన జ్వరమంట. మందులిచ్చినారు" అంది రజిత.

ఆ మాటే చెప్పాను. రామసుబ్బమ్మ నన్ను పట్టుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. అంత హాయిగా నేనెప్పుడూ ఏడవలేదు.

తర్వాత సబ్బునీళ్ళు కలిపి ఇద్దరం ఆకుల అడుగులన్నీ కడిగాం. ఆమె కిందికి వెళ్ళి వేరే చీర కట్టుకుని, పసుపు చీరా ఆముదం సీసా పట్టుకొచ్చింది. నేను వద్దనేలోపే చీరను చర్రున చింపింది.

"అయ్యో, మంచి చీర పెద్దమ్మా!"

"మంచిదే. ఆముదమూ జిగురే గదా, ఈ పేలికలకి పూసి కొమ్మకొకటి కట్టు. జ్వరం తగ్గంగానే పిల్ల పైకే పరిగెత్తుకొస్తాది. అప్పటికి ఒక్క పువ్వన్నా పూసుండాల గదా!"