ఎర్రముల్లు చూపిన అంకె

నేను చేతి పట్టు ఎంతో కొలిచే పరికరాన్ని. గుప్పిట్లో ఇమిడే ఇనుప పిడి, దాని మీద గడియారం లాంటి గుండ్రటి ముఖం, ఆ ముఖంలో రెండు ముళ్ళు. పిడిని బిగించినప్పుడు రెండూ కలిసి లేస్తాయి. వదలగానే నల్లముల్లు సున్నాకి పడిపోతుంది. ఎర్రముల్లు మాత్రం ఎంతదాకా వెళ్ళిందో అక్కడే నిలబడుతుంది, ఎవరైనా వేలితో వెనక్కి తిప్పేదాకా.

హర్యానాలో ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. నాకు బరువులు వేలాడదీసి, చూపాల్సిన అంకె చూపేదాకా మరలు సరిచేసిన ముసలి మేస్త్రీ నన్ను డబ్బాలో పెడుతూ ఒకసారి తనూ నొక్కి చూసుకున్నాడు. ఆ తర్వాత కుస్తీ నేర్పే ఒక ఆటల పాఠశాలలో నాలుగేళ్ళు ఉన్నాను. అక్కడి కుర్రాళ్ళు నన్ను నలిపేసి, వచ్చిన అంకెకి మరో రెండు కలిపి ఊరంతా చెప్పుకునేవారు. ఆ బడి మూతపడ్డాక చేతులు మారి విశాఖపట్నంలో ఒక క్యాన్సర్ ఆసుపత్రికి, ఫిజియోథెరపిస్ట్ సుభాషిణి బల్ల మీదికి చేరాను.

అక్కడ పని వేరు. కడుపు క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసే ముందే, అది అయ్యాక చిక్కులొచ్చే ప్రమాదం ఎంతో వాళ్ళు అంచనా వేసేవారు. తగ్గిన బరువు, రక్తపరీక్ష, ఆరు నిమిషాల్లో నడిచిన దూరం, వాటి పక్కన నేను చూపే అంకె. పిడికిలికీ పొట్టకీ ఏం సంబంధమని మొదట్లో అనుకున్నాను. తిండి ఒంటబట్టక కండ కరిగిపోయిన మనిషిని నా పిడే ముందు పసిగడుతుందని తర్వాత తెలిసింది.

ఒక వేసవిలో సూరాడ కొర్లయ్య వచ్చాడు. భీమిలి దగ్గర తీరం నుంచి వల లాగే మనిషి, యాభై ఎనిమిదేళ్ళు. నాలుగు నెలల్లో పదకొండు కిలోలు తగ్గాడు. అతని అరచేయి ఎంత గట్టిదంటే తాళ్ళ గీతలు నాకు గరుగ్గా తగిలాయి. పళ్ళు బిగబట్టి నొక్కాడు. పంతొమ్మిది కిలోలు. అతని వయసు మగవాడు ముప్ఫై దాటించాలి. సుభాషిణి మళ్ళీ నొక్కమంది. పద్దెనిమిది. అతను తన చేతిని పరాయి మనిషి చేతిని చూసినట్టు చూసుకున్నాడు.

సర్జన్ ఫరీదా మేడం కాగితాలన్నీ చూసి భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టింది. "గడ్డ తీసేయొచ్చు. కానీ ఇప్పుడున్న ఒంటితో చేస్తే లోపలి కుట్లు సరిగా అతుక్కోకపోవచ్చు, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరొచ్చు. మూడు వారాలు ఇక్కడే ఉంచి తిండి పెట్టి, నడిపించి, అప్పుడు చేద్దాం."

కొర్లయ్య భార్య పైడితల్లి ముందుకు జరిగింది. "ఆగితే లోపలిది పెరిగిపోదేటి డాకటరమ్మా?"

"ఆ భయం నాకూ ఉందమ్మా. రెండు భయాల్లో ఇది చిన్నదనిపిస్తోంది."

ఆ మాట పైడితల్లికి మింగుడుపడలేదు. రోజుకి ఆరుసార్లు గుడ్డు, జావ, బలం పొడి కలిపిన పాలు ఇస్తూనే ఉంది, కానీ ఆమె కళ్ళు గోడ మీది క్యాలెండర్ వైపే ఉండేవి.

వారం తర్వాత మళ్ళీ కొలిచే రోజు వచ్చింది. నన్ను కొర్లయ్య చేతికిచ్చి, ఫోను మోగితే సుభాషిణి అటు తిరిగింది. అంతే, అతని వేళ్ళ మీద ఇంకో చెయ్యి పడింది. చేపల బుట్టలు మోసిన చెయ్యి. ఇద్దరి బలమూ కలిసి నన్ను ఇరవై ఏడుకి తోసింది. పైడితల్లి చెయ్యి తీసేసి కొంగు సర్దుకుంది. నల్లముల్లు పడిపోయింది, ఎర్రముల్లు అక్కడే నిలిచింది. అది ఎవరి బలమో చెప్పే నోరు నాకు లేదు.

సుభాషిణి ఇటు తిరిగి చూసి, "వారంలోనే ఎనిమిది పెరిగిందా బాబాయ్?" అంటూ కలం తీసింది. ఆ అంకె పుస్తకంలోకి ఎక్కితే అతను రేపో ఎల్లుండో ఆపరేషన్ బల్లెక్కేవాడు.

కొర్లయ్య ఎర్రముల్లు కేసి చూశాడు. తర్వాత నన్ను బల్ల మీద పెట్టి నెమ్మదిగా అన్నాడు. "అది నాది కాదమ్మా. దీని సెయ్యి కూడా పడింది."

పైడితల్లి తల దించుకుంది. "ఈలోపు ఏటైపోతాడో అని బయం తల్లీ. ఇంకేటీ నేదు."

సుభాషిణి కోప్పడలేదు. కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది. "పిన్నీ, ఇక్కడ నువ్వు సాయం పట్టొచ్చు. లోపల బల్ల మీద పట్టలేవు కదా. నీ బలమంతా ఈ వరండాలో నడిపించడానికి వాడు." తర్వాత ఎర్రముల్లు వెనక్కి తిప్పి మళ్ళీ కొలిచింది. ఇరవై. అదే రాసుకుంది.

ఆ రోజు నుంచి పైడితల్లి క్యాలెండర్ చూడటం మానేసింది. పొద్దున, సాయంత్రం భర్తను వరండాలో నడిపించేది. అతను ఆగిపోతే, "వల సగం సంద్రంలోనే ఒగ్గేత్తావేటి?" అనేది. అతను విసుక్కుని మళ్ళీ కదిలేవాడు. ఊపిరి బలపడటానికి ఇచ్చిన, బంతులు లేపే గొట్టంతో గాలి పీలుస్తూ దగ్గేవాడు, తిట్టుకునేవాడు, మళ్ళీ పీల్చేవాడు.

మూడో వారం చివర ఇరవై నాలుగు చూపాను. ఫరీదా మేడం కోరుకున్నంత లేదు. అయినా బరువు రెండు కిలోలు పెరిగింది, నడక బాగుపడింది. ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "సోమవారం," అంది.

సోమవారం గడ్డతో పాటు కడుపులో ముప్పావు భాగం తీసేశారు. కుట్లు నిలిచాయి. నాలుగో రోజు మాత్రం జ్వరం వచ్చింది. మేము భయపడ్డ నెమ్మే. ముందే కనిపెట్టిన ప్రమాదమైనా రావడం మానదు. సుభాషిణి అతని పొట్టకి తలగడ అదిమిపెట్టి దగ్గించింది. మూడు వారాలు సాధన చేసిన ఊపిరి అప్పుడు అక్కరకొచ్చింది. పదమూడో రోజు అతను పైడితల్లి భుజం పట్టుకుని, మధ్యమధ్య ఆగుతూ, తన కాళ్ళ మీదే గేటు దాటాడు.

అతని తర్వాత వందల చేతులు నన్ను పట్టుకున్నాయి. ఎక్కువ చూపిన వాళ్ళలో ఒకరిద్దరు తిరిగి ఇంటికి వెళ్ళలేదు. తక్కువ చూపిన వాళ్ళలో నవ్వుతూ వెళ్ళిన వాళ్ళున్నారు. అందుకే నా అంకెను నేనెప్పుడూ తీర్పు అనుకోలేదు.

పోయిన నెల నా లోపలి స్ప్రింగు సడలిపోయింది. పది కిలోలు వేలాడదీస్తే పదమూడు చూపుతున్నాను. సుభాషిణి మూడుసార్లు సరిచూసి, నా మీద 'వాడరాదు' అని కాగితం అంటించి, పాత సామాను గదిలో విరిగిన స్టాండ్ల మధ్య పెట్టింది. తలుపు మూసే ముందు ఒకసారి నా పిడిని తడిమింది. నాకు బాధ లేదు. నేను చెప్పే అబద్ధాన్ని నమ్మి బక్కచిక్కిన మనిషి ఎవరో తొందరపడి బల్లెక్కడం కంటే, ఈ చీకటి గదే నాకు నయం.