నీళ్లంటే హడలిపోయిన ట్యాంకు

నేను సిమెంటు మోసే ఇనప ట్యాంకును. లారీ మీద బోర్లా పడుకుని పోయే నా లావుపాటి ఒంటిని మీరు చూసే ఉంటారు. పాలు మోస్తున్నానని కొందరు, పెట్రోలు మోస్తున్నానని కొందరు అనుకుంటారు. ఆ రెండోరకం వాళ్లు నాకు కాస్త దూరం జరిగి బీడీ ముట్టిస్తారు. నేను మోసేది ఉత్త పొడి. లోపలికి గాలి కొడితే అది పైపులోంచి నీళ్లలా పారుతుంది. అసలు నీళ్లు మాత్రం నాకు బద్ధశత్రువులు.

నా మొదటి యజమాని నా మీద తన పేరు గజమెత్తున రాయించుకుని, ఆ తర్వాత నా ముఖం చూడలేదు. రెండోవాడు పల్నాడు సైదులు. ఏళ్ల తరబడి పరాయి లారీలు తోలి తోలి చివరికి నన్ను సొంతం చేసుకున్నాడు. నేను కదిలితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. సరుకు దించాక కొయ్యసుత్తితో నా పొట్ట మీద కొట్టి, చెవి ఆనించి వినేవాడు. ఖంగుమంటే ఖాళీ. డాక్టర్లు కూడా అంత శ్రద్ధగా వినరు.

దసరా వచ్చింది. ఆయుధపూజ కదా, సైదులు భార్య అంకమ్మ నన్ను తోమి తోమి కడిగి, పసుపు రాసి బొట్లు పెట్టింది. సైదులు గుమ్మడికాయకని బజారుకు వెళ్లినప్పుడు ఆవిడకు భక్తి పొంగింది.

"పైన కడిగి లోపల మురికి ఉంచితే అమ్మవారు ఊరుకుంటదా?" అంటూ నిచ్చెనెక్కి, పైమూత తీసి, నీళ్ల పైపు లోపలికి వదిలింది. నేను లబోదిబోమన్నాను. మనుషులు మాకు పూజలైతే చేస్తారు గానీ మా గోడు వినరు.

అడుగున నీళ్లు నిలిచిపోయాయి. మర్నాడు సిమెంటు ఫ్యాక్టరీలో, "లోపల చూసుకున్నావా?" అని అడిగారు.

"పండక్కి ముందే ఖాళీ చేశా గదయ్యా" అన్నాడు సైదులు. నా నిండా సిమెంటు పోశారు. దించే చోట వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. ఎంత గాలి కొట్టినా పిడికెడు పొడి రాలలేదు. సైదులు సుత్తితో కొట్టి విన్నాడు. బండరాయిని కొట్టినట్టు మోత. ఇంటికి ఫోన్ చేశాడు.

"లోపల గాని కడిగావా ఏందే?"

"కడిగా, అద్దంలాగా! ఏందయ్యా, ఏమైంది?"

సైదులు "ఏంలేదులే" అని పెట్టేశాడు. చుట్టూ చేరినవాళ్లతో మాత్రం, "మూత వెయ్యడం మరిచా, వాన పడ్డది. తప్పు నాదే" అన్నాడు. ఆ పండక్కి ఒక్క చినుకు పడితే ఒట్టు. అబద్ధమాడిన మనిషిని గౌరవించడం నాకదే మొదలు.

ఇంటికి తెచ్చి పైపొడి తోడేశాక అడుగున రాయి బయటపడింది. అది చూసిన అంకమ్మకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఉలి పట్టుకుని తనే లోపలికి దిగింది. ఏడుస్తూ కొట్టింది, కొడుతూ ఏడ్చింది. రాయి ఊడింది గానీ పొడిని కదిలించే గాలి దారులు మాత్రం తెరుచుకోలేదు. నన్ను దింపేసి లారీకి తొట్టి కట్టించారు. సైదులు ఇప్పుడు అదే లారీలో సిమెంటు బస్తాలు తోలుతున్నాడు. పొయ్యి ఆరలేదు, నాకు అదే చాలు.

పాతసామాన్లవాడికి నన్నిచ్చేందుకు అంకమ్మ ఒప్పుకోలేదు. ఇంటి పక్కన దిమ్మె కట్టించి, దానిమీద నన్ను కూర్చోబెట్టి నీళ్లు నింపించింది. నీళ్లంటే హడలి చచ్చిన నేను నీళ్ల ట్యాంకునయ్యాను.

మళ్లీ దసరా వచ్చింది. అంకమ్మ పైపు పట్టుకుని నిచ్చెనెక్కి, మూత మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

"ఏమయ్యా, లోపల కడగమంటావా?"

లారీకి బొట్టు పెడుతున్న సైదులు తల ఎత్తి నవ్వాడు. "కడగవే. ఇంక నీ ఇష్టమొచ్చినంత కడుగు."

అంకమ్మ మూత తీసింది. ఈసారి నేను అరవలేదు.