వంటింట్లో జానెడు కూడా ఎడం వద్దు

"వంటింట్లో ఎలాగూ పొయ్యి వెలుగుతుంది. అక్కడ పైపులు దూరం దూరంగా వేసినా సరిపోతుంది," అన్నాడు మెలిస్ రొట్టె తుంచుకుంటూ. అతని భార్య బురుల్ పిండి పిసుకుతూనే ఉంది.

కొండల నడుమ ఉన్న నారిన్ ఊళ్లో చలికాలం తలుపు తట్టేలోగా ఇంటి నేలంతా తవ్వి, కింద వేడినీళ్ల పైపులు వేయించాలని నిశ్చయమైంది. అతిథుల గదిలో పది సెంటీమీటర్ల ఎడం, పడగ్గదుల్లో పదిహేను, వంటింట్లో పాతిక. అంతా తేల్చేశారు, ఆమెను తప్ప అందర్నీ అడిగి. ఆ పాతిక మీద రోజంతా నిలబడేది ఎవరో ఎవరికీ గుర్తు రాలేదు. కొత్తగా కాపురానికొచ్చిన చలికాలంలో, కాలివేళ్లు కమిలిపోయాయని చూపిస్తే అత్త సాయ్రా "పని చేసే కోడలికి చలేంటమ్మా?" అని నవ్వింది. బురుల్ కూడా నవ్వేసింది. అప్పట్నుంచీ రెండు జతల ఉన్ని మేజోళ్లు, రాత్రిళ్లు కాలివేళ్లలో దురద. బళ్లో పిల్లలకి వేడి ఎలా పాకుతుందో బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పే మనిషి, ఇంటికి రాగానే తన కాళ్ల సంగతి మాత్రం మేజోళ్ల లోపలే దాచుకుంటూ వచ్చింది. ఎందుకు దాచుకున్నట్టు? అడిగితే అత్యాశ అంటారనా?

మెలిస్ బయటికెళ్లగానే పైపుల మేస్త్రీ తాలాయ్ వచ్చాడు. బురుల్ చేతులు కడుక్కుని, సుద్దముక్క తీసుకుని వంటింటి నేల మీద గీతలు గీసింది.

"బయటి గోడ పక్కన పది. మిగతా అంతా పదిహేను. అల్మారాల కింద అసలు వద్దు."

"అన్నయ్యని అడగొద్దా వదినా?"

"ఇక్కడ నిలబడేది అన్నయ్య కాదుగా."

పైకి అలా అందేగానీ, మెలిస్ బండి చప్పుడు వినగానే సుద్దముక్కని గుప్పిట్లో దాచేసుకుంది. అతను గీతలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"పైపంతా ఇక్కడే వేస్తే ముందు గదికేం మిగులుతుంది? అతిథులు చలికి వణికితే పరువేం కావాలి?"

"ఆ గదిలో దళసరి ఉన్ని తివాచీలు ఒకదాని మీద ఒకటి పరుస్తాం. పొయ్యి మీద రజాయి కప్పి గది వెచ్చబడాలంటే ఎలాగండీ? అక్కడ ఇరవై చాలు."

"సరే, పైపు మా తమ్ముడింట్లో మిగిలిందే తెస్తున్నా."

"దానికి గాలి చొరబడకుండా ఆపే పొర లేదు. నీళ్లలో గాలి చేరితే బాయిలర్ ఇనుము తుప్పు పట్టిపోతుంది. పైగా అన్నీ ముక్కలు. అతుకు సిమెంటు కింద కారిందంటే మళ్లీ నేలంతా తవ్వాలి. పొర ఉన్నది, ఒక్కో గదికి ఒకే చుట్ట కావాలి."

"ఇదంతా నీకెప్పట్నుంచి తెలుసు?"

"మన పెళ్లినాటికే బళ్లో ఫిజిక్స్ చెబుతున్నాను కదండీ."

తాలాయ్ దగ్గు మాటున నవ్వు దాచుకున్నాడు. మెలిస్ గుమ్మం దగ్గరికొచ్చిన తల్లి వైపు చూశాడు. సాయ్రా ఆ గీతలు చూసి, "వేయించరా," అంది. "నా మోకాళ్లు పోయింది కూడా ఈ వంటింటి కిటికీ దగ్గరే. మా అత్తని నేను అడగలేకపోయాను."

బురుల్‌కి కోపం తెచ్చుకోవాలో ఏడవాలో తెలియలేదు. ఆ రోజు నవ్విన మనిషి, లోపల ఇంత మోస్తూ నవ్విందా?

మెలిస్ గొణుక్కుంటూనే కొత్త చుట్టలు తెచ్చాడు. మొదటి మంచు పడిన రోజు బాయిలర్ ముట్టించారు. బురుల్ మేజోళ్లు విప్పేసి వంటింట్లో అడుగుపెట్టింది. అరికాళ్ల నుంచి పిక్కల దాకా వెచ్చదనం మెల్లగా ఎక్కుతుంటే, ఊరికే, చేతిలో ఏ పనీ లేకుండా, కిటికీ దగ్గర కూర్చుండిపోయింది.

అతిథుల గదిలోంచి మెలిస్ కేకేశాడు. "బురుల్, మావాళ్లకి టీ!"

ఆమె కాళ్లు ఇంకాస్త బారజాపుకుంది.

"కెటిల్ ఇక్కడే ఉందండీ. వచ్చి పట్టుకెళ్లండి."