రంగు పడకూడని చోటు

మందుల షాపువాడు ఒక్క మాత్రల అట్ట కోసం కొట్టంతా తిరగేశాడు. వాడి తాపీతనం తగలెయ్య, వాడు కాస్త చురుగ్గా కదిలుంటే ఈ కథే ఉండేది కాదు. రంగులమ్మ వేళకి షెడ్డుకి తిరిగొచ్చేది, మేస్త్రి చేతికి బ్రష్షు చిక్కేది కాదు.

రంగులమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరేం కాదు. పడవలు బాగుచేసే ఆ షెడ్డులో పెళ్ళైన కొత్తలోంచీ పడవల అడుగులకి రంగులేస్తోంది కాబట్టి అందరూ అలా పిలుస్తారు. మేస్త్రి ఆవిడ మొగుడు. నీళ్ళలో మునిగుండే సామానంతా, అంటే నీళ్ళని తోసే ఫ్యాను, దాన్ని తిప్పే షాఫ్టు, చుక్కాని, వాటి బోల్టులు, ఆయన చూసుకుంటాడు. ఆవిడ రంగు ఎక్కడ ఆగుతుందో ఆయన పని అక్కడ మొదలవుతుంది. ఆ సరిహద్దు దగ్గర ఇద్దరూ పోట్లాడుకోని రోజు లేదు, పోట్లాడుకుని అన్నం మానేసిన రోజూ లేదు.

కొత్తగా పనికొచ్చిన ఎవరికైనా మేస్త్రి చెప్పే మొదటి పాఠం ఒకటే. "ఇత్తడి ఫ్యానూ, ఉక్కు షాఫ్టూ తోడికోడళ్ళురా. పొడినేల మీద చక్కగా నవ్వుకుంటూ ఉంటాయి. ఉప్పునీళ్ళలోకి దించి చూడు, ఒకదాన్నొకటి కొరుక్కుతింటాయి. అందుకని మధ్యలో జింకు బిళ్ళ బిగిస్తాం. అదో పిచ్చి మారాజు. ఆ అరుగుదలంతా అదే పడి అరిగిపోతుంది, మిగతా సామాను బతుకుతుంది. అరిగింది తీసి కొత్తది వెయ్యి, అంతే. కానీ దాని మీద రంగు పడిందా, నీళ్ళు తగలవు, అది పనిచెయ్యదు. పైకి నున్నగా ఉంటుంది, లోపల షాఫ్టు చస్తుంది. జింకు మీద రంగేసేవాడు పడవకి కన్నం పెట్టినవాడితో సమానం!"

అందుకే రంగులమ్మ బ్రష్షు ముట్టుకునేలోపు ఆయన జింకులకి కాగితం చుట్టి టేపు వేసేవాడు. వేసి, మళ్ళీ ఓసారి తడిమి చూసేవాడు. "నా మీద నమ్మకం లేదా?" అని ఆవిడ మూతి తిప్పుకునేది. "నీ మీద ఉంది, నీ బ్రష్షు మీదే లేదు" అనేవాడు.

అలాంటి మనిషికి మతిమరుపు జబ్బు వచ్చింది.

మొదట్లో నవ్వులాటగానే ఉంది. కళ్ళజోడు పెట్టుకుని కళ్ళజోడు వెతకడం, తాగిన టీ మళ్ళీ అడగడం. తర్వాత ఒకరోజు వీధి చివరి టీకొట్టు నుంచి ఇంటికి దారి తెలియక అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాడు. డాక్టరు మందులు రాసి, "చేతికి అలవాటైన పని చెయ్యనివ్వండమ్మా, మాటలు పోయినా చేతులు చాలా కాలం గుర్తుపెట్టుకుంటాయి" అన్నాడు. రంగులమ్మ ఆ ఒక్క మాటా పట్టుకుని వేలాడింది. ఆయన షెడ్డుకి వస్తున్నంతకాలం ఆయన ఆయనే. ఇంట్లో కూర్చోబెడితే నాలుగు గోడలు చూస్తూ చూస్తూ చివరికి తననీ గోడలాగే చూస్తాడని ఆవిడ భయం. ఆ భయంతో రాత్రుళ్ళు నిద్రపట్టేది కాదు పాపం.

షెడ్డు ఆవిడ తమ్ముడిది. ఇవాళ నీళ్ళలోకి దిగాల్సిన పడవా వాడిదే, రేవు దాటించే జనాల పడవ. పొద్దున్నే అక్కని పక్కకి పిలిచి నసిగాడు. "అక్కా, నువ్వు కోప్పడకు. పోయినసారి బావ ఒక నట్టు చేత్తో తిప్పి వదిలేశాడు. ఎవరో చూశారు కాబట్టి సరిపోయింది. నా పడవలో పిల్లాపాపా ఎక్కుతారు. ఇదొక్కటి చూస్తాను. సవ్యంగా దిగిందా, బావ ఎప్పట్లాగే ఉంటాడు. తేడా వచ్చిందా, ఇంక ఇంట్లోనే ఉంచెయ్."

"ఏ తేడా రాదు. నేను లేనూ?" అంది రంగులమ్మ.

పొద్దుటి పని ముచ్చటగా జరిగింది. మేస్త్రి షాఫ్టుని మెరిసేదాకా వైరుబ్రష్షుతో తోమాడు, దానికి జింకు కడియం తొడిగాడు, చుక్కానికి జింకు బిళ్ళ బిగించాడు. చేతులు తడబడలేదు. ఆవిడ పక్కనే నిలబడి చూసి, పొంగిపోయింది. ఇంక వాటి చుట్టూ కాస్త మేర రంగు వెయ్యడం మిగిలింది. ఈలోగా మందులు అయిపోయాయని గుర్తొచ్చింది. "ఏవండీ, నేనిలా వెళ్ళి అలా వస్తాను. టేపు వేసి ఉంచండి" అని చెప్పి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి మేస్త్రి పడవ వెనకాల ఎత్తుపీట మీద కూర్చుని ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఏమేవ్, ఇటు రా, చూడు. నీ పని కూడా నేనే చేసి పెట్టేశాను. ఎంత నున్నగా వచ్చిందో!"

వంగి చూసింది. షాఫ్టు కడియం ఎర్రగా ఉంది. చుక్కాని బిళ్ళ ఎర్రగా ఉంది. చుట్టూ ఎంత శ్రద్ధగా వేశాడో వాటి మీదా అంతే శ్రద్ధగా, మూలమూలకీ పట్టించి మరీ వేశాడు. టేపు చుట్ట పీట కింద విప్పకుండానే పడుంది.

ఆవిడకి అరవాలనిపించింది, ఏడవాలనిపించింది. "బాగుందండీ, చాలా బాగుంది" అంది. "డబ్బాలో అన్నం పెట్టాను, వెళ్ళి తినండి. చల్లారిపోతుంది."

ఆయన బుద్ధిమంతుడిలా లేచి వెళ్ళాడు. ఆయన వీపు షెడ్డు ముందువైపుకి మలుపు తిరగడం ఆలస్యం, రంగులమ్మ గ్లవ్స్ తొడుక్కుని, దీపం పట్టుకుని, పడవ కిందకి దూరింది. రంగు ఇంకా సగమే ఆరింది. జిగురుగా వైరుబ్రష్షుకి అంటుకుంటోంది. గుడ్డతో తుడిచి, గీకి, మళ్ళీ తుడిచింది. కన్నీళ్ళు చెంపల మీంచి కారిపోతుంటే తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. కడియం తెల్లబడింది. చుక్కాని బిళ్ళ సగం శుభ్రమైంది. ఇంకాస్త, ఇంకొక్క కాస్త.

"ఎవడ్రా ఆ వెధవ!"

షెడ్డు కప్పు అదిరింది. చేతిలో అన్నం డబ్బాతో మేస్త్రి. ఆయన వెనక, పడవ దించడం చూద్దామని వచ్చిన తమ్ముడు.

"జింకు మీద రంగేసిన వెధవ ఎవడు? కళ్ళు నెత్తికెక్కాయా? జనం ఎక్కే పడవ ఇది! ఏ నడిమధ్యో షాఫ్టు పుటుక్కుమంటే ఎవడు సమాధానం చెప్తాడు?"

రంగులమ్మ పడవ కిందనుంచే అంది, "నేనేనండీ."

"నువ్వా?"

"నేనే. టేపు వెయ్యడం మర్చిపోయి వేసేశాను. గీకుతున్నానుగా!"

ఇంక చూడాలి మేస్త్రిని. ఇన్నేళ్ళు బ్రష్షు పట్టి ఏం నేర్చుకున్నావన్నాడు. గోడకి సున్నం కొట్టుకోడానికి కూడా పనికిరావన్నాడు. ఇత్తడి, ఉక్కు, తోడికోడళ్ళు, పిచ్చి మారాజు, పాఠమంతా మళ్ళీ అప్పజెప్పాడు. ఒక్క ముక్క పోలేదు. ఆయన నోట అంత తిట్టు విని ఎన్నాళ్ళయిందో! ఆవిడకి ఆ తిట్లు చెవిలో పంచదార పోసినట్టున్నాయి. ఏడుస్తూనే నవ్వుకుంది.

తమ్ముడు కూడా నవ్వేశాడు. "అక్కా, నేనింకా బావ సంగతి ఆలోచిస్తున్నాను. నీ మీద ఓ కన్నెయ్యాలన్నమాట! బావ చూశాడు కాబట్టి బతికిపోయాం. బావా, నువ్వుండాల్సిందే."

గట్టెక్కాం అనుకుంది రంగులమ్మ.

"జరుగు, జరుగు. బోల్టు నేను చూస్తాను" అంటూ మేస్త్రి స్పానరు తీసుకుని పక్కకి దూరాడు. దీపం వెలుగులోకి చెయ్యి చాపాడు.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

గోళ్ళ సందుల్లో ఎర్రరంగు. మణికట్టు మీద చార, ఎండి పొలుసు కట్టింది. ఆయన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. పీట కింద విప్పని టేపు చుట్ట చూశాడు. ఆవిడ ముఖం చూశాడు. ఎన్ని తెలియకపోయినా ఆ ముఖం మాత్రం ఆయనకి బాగా తెలుసు.

"నేనేనా?" అన్నాడు మెల్లిగా.

"కాదండీ. నేనేనంటున్నానుగా."

"నీ బ్రష్షు ఏనాడూ గీత దాటలేదే" అన్నాడు. "తిట్టాలని తిట్టేవాడిని కానీ, నాకు తెలీదూ?"

బయట నిలబడ్డ తమ్ముడికి అంతా వినిపించింది, వాడు తల దించుకున్నాడు.

మేస్త్రి స్పానరు ఆవిడ చేతిలో పెట్టాడు. "బోల్టు నువ్వు బిగించు. నేను బిగించింది నమ్మకు."

"మీరుండగా నేనెందుకండీ..."

"ఉండగానే నేర్చుకో."

ఆవిడ బిగించింది. స్పానరు అరచుట్టు తిరిగింది. పొద్దున ఆయన అంత మేర వదులుగా వదిలేశాడన్నమాట. ఇద్దరికీ తెలిసింది. "ఇంకొంచెం. మరీ విరిచెయ్యకు. చాలు" అంటూ ఆయన దీపం పట్టుకున్నాడు. కడియం బోల్టులు, బిళ్ళ బోల్టులు అన్నీ ఆవిడ చేతే బిగింపించాడు. బయటికొచ్చి బామ్మర్ది భుజం మీద చెయ్యి వేశాడు. "రేపట్నించి నేను రానురా. అక్కని అడుగు, అంతా తనకి వచ్చు."

తమ్ముడు, "ఊరికే వచ్చి కూర్చో బావా" అన్నాడు. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

పొద్దు వాలుతుండగా పోటు వచ్చింది, పడవ ర్యాంపు మీంచి జారి నీళ్ళలోకి దిగింది. ఇంజను పలికింది, ఫ్యాను నురగ తిప్పింది. మొగుడూ పెళ్ళాం ర్యాంపు అంచున నిలబడి చూశారు. పడవ ఓ చుట్టు తిరిగి రేవు వైపు సాగింది.

మేస్త్రి చెవి ఒగ్గి విన్నాడు. ముఖంలో ఏదో సంతోషం.

"షాఫ్టు వణకడం లేదు, విన్నావా? చక్కగా బిగించారు. ఎవరే, ఈ పడవ పని చేసింది?"

రంగులమ్మ ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. గోళ్ళలో రంగు ఇంకా పోలేదు.

"మీరేనండీ" అంది.

ఈసారి ఆయన నమ్మాడు.